స్క్రీన్ మీద ఒక లెక్క, లస్కర్ పుస్తకంలో ఒక లెక్క: డ్యామ్ గ్యాలరీలో దేన్ని నమ్మాలి?

ప్రశ్న: ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్), నీటిపారుదల శాఖ

అందరికీ నమస్కారం. నేను ఏఈఈగా చేరి రెండేళ్లు దాటింది. కృష్ణా బేసిన్‌లో ఒక పాత రాతికట్టు డ్యామ్ మీద పోస్టింగ్. పైవాళ్లకి రిపోర్టు ఇంకా వెళ్లలేదు కాబట్టి డ్యామ్ పేరు రాయడం లేదు.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయాక, పాత డ్యామ్‌ల మీద అందరి కళ్లూ పడ్డాయి. మా గ్యాలరీలో (డ్యామ్ లోపల సొరంగంలా ఉండే నడవలో) కూడా పోయిన వేసవిలో సెన్సార్లు పెట్టారు. డ్యామ్ పొడవునా ఉన్న ప్రతి బ్లాకులో, పునాది కింద నీళ్లు పైకి నెట్టే ఒత్తిడిని (అప్‌లిఫ్ట్ ప్రెజర్) చూపే పైపుకి ఎప్పటి నుంచో ముల్లు గేజ్ ఉంది. దాని పక్కనే టీ జాయింట్ వేసి వైబ్రేటింగ్ వైర్ సెన్సార్ బిగించారు. గంటకోసారి రీడింగ్ డేటా లాగర్‌లోకి (అంకెలు నమోదు చేసే పెట్టెలోకి), అక్కడి నుంచి ఆఫీసు స్క్రీన్ మీదకి వచ్చేస్తుంది. ఇంతకుముందు వారానికి రెండుసార్లు మా లస్కర్ (డ్యామ్ మీద కొలతలు చూసే కింది ఉద్యోగి) దిగి రాసుకొచ్చే అంకెలే మాకు ఆధారం.

సమస్య 14వ బ్లాకుతో వచ్చింది. ఆగస్టు చివర రిజర్వాయర్ దాదాపు నిండింది. అప్పటి నుంచి నీటిమట్టం పెద్దగా మారలేదు. స్క్రీన్ మీద మాత్రం 14వ బ్లాకు ప్రెజర్ మెల్లగా పెరుగుతూ, చదరపు సెంటీమీటరుకు 1.4 కిలోల నుంచి నవంబరు మొదటి వారానికి 2.1కి వచ్చింది. అదే బ్లాకులో ముల్లు గేజ్ 1.3 చూపిస్తోంది. నేనే దిగి చూశాను. మిగతా బ్లాకుల్లో స్క్రీనూ గేజూ దాదాపు సరిపోతున్నాయి. పక్కనున్న 15లో స్క్రీన్ 1.3, గేజ్ 1.4.

సెన్సార్లు పెట్టిన ఏజెన్సీ అబ్బాయి "ఆ సెన్సార్ పోయినట్టుంది మేడమ్, ప్రస్తుతానికి ఆ ఛానల్ ఆపేద్దాం" అంటున్నాడు. ఆఫీసులో కొందరేమో లస్కర్ దిగకుండానే పైన కూర్చుని రాస్తున్నాడేమో అంటున్నారు. ఆయన సర్వీసు 31 ఏళ్లు. ఈ మాట ఆయన చెవిన పడింది. "నూట డెబ్బై మెట్లు నా మోకాళ్లకి తెలుసమ్మా" అన్నాడు. నాకు చాలా బాధేసింది.

అడగాల్సినవి రెండు. ఆ ఛానల్ ఆపేయవచ్చా? జనవరి నుంచి చేతి రిజిస్టర్ మానేసి అంతా ఆన్‌లైన్‌లోనే ఉంచాలనే ఆలోచన కూడా నడుస్తోంది. అది సరైనదేనా?

జవాబు: డేటా లాగర్లు, డ్యాష్‌బోర్డుల పని చేసేవాడిని, హైదరాబాద్

మేడమ్, ఆ ఛానల్ ఇప్పుడే ఆపొద్దు. ముందు ముడి ఫ్రీక్వెన్సీ డేటా తెప్పించుకోండి. స్క్రీన్ మీద కనిపించేది లెక్క కట్టాక వచ్చిన ప్రెజర్. సెన్సార్ నిజంగా పంపేది హెర్ట్జ్‌ల్లో ఉంటుంది. లోపల వీణ తీగలా బిగించిన సన్నటి ఉక్కు తీగ ఉంటుంది. నీటి ఒత్తిడి పల్చటి రేకుని నొక్కితే తీగ కొంచెం సడలుతుంది, మోగే ఫ్రీక్వెన్సీ తగ్గుతుంది. ఆ తగ్గుదల నుంచి ప్రెజర్ కడతాం.

పిడుగుపాటుకో, కేబుల్లోకి తేమ చేరో సెన్సార్ చెడిపోతే అంకెలు సాధారణంగా ఎగిరెగిరి పడతాయి, లేదంటే ఒక్కసారిగా ఆగిపోతాయి. మీరు చెప్పినట్టు రెండున్నర నెలలు ఒకే దిశలో, మెల్లగా పెరిగితే నాకైతే చెడిపోయిన సెన్సార్‌లా అనిపించడం లేదు. ఒత్తిడి లేనప్పుడు చూపించాల్సిన సున్నా మెల్లగా పక్కకి జరిగిపోయే జబ్బు ఒకటుంది, కానీ ఇంత తక్కువ కాలంలో ఇంత జరగడం అరుదు.

జవాబు: రిటైర్డ్ డీఈఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్), డ్యామ్ మెయింటెనెన్స్‌లో 22 ఏళ్లు

అమ్మా, నువ్వు నీ కాళ్లతో దిగి గేజ్ చూశానన్నావు. ఆ ఒక్క మాట చదివి ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను.

ముందు 2.1 అంటే ఏమిటో చూద్దాం. డ్యామ్ దగ్గర నీళ్ల లోతు ఎంతో నువ్వు రాయలేదు. 42 మీటర్లు అనుకుందాం. కింది వైపు నీళ్లు లేవనుకుందాం. డ్యామ్ తన బరువుతో నిలబడుతుంది. పునాది రాతి పగుళ్లలోంచి దూరిన నీళ్లు ఆ బరువుని కింది నుంచి పైకి ఎత్తుతుంటాయి. 1895లో ఫ్రాన్స్‌లో బూజీ డ్యామ్ కూలి ఎనభై మందికి పైగా చనిపోయాకే ఈ అప్‌లిఫ్ట్‌ని ఇంజనీర్లు గట్టిగా పట్టించుకోవడం మొదలుపెట్టారు. అందుకే గ్యాలరీలోంచి పునాదిలోకి డ్రెయిన్ హోల్స్ వేస్తాం. ఆ నీళ్లకి మనమే దారి ఇస్తే ఒత్తిడి తగ్గుతుంది. మన దేశ డిజైన్ ప్రమాణం ఐఎస్ 6512 ప్రకారం డ్రెయిన్ల వరుస దగ్గర మూడో వంతు ఒత్తిడి ఉంటుందని లెక్క వేసుకుంటాం. 42లో మూడో వంతు 14 మీటర్లు, అంటే 1.4 కిలోలు. 2.1 అంటే 21 మీటర్లు, సగం. ఒక్క బ్లాకులో ఇలా ఉంటే డ్యామ్‌కి రేపే ఏదో అయిపోతుందని కాదు, టెన్షన్ పడకు. కానీ డిజైన్‌లో ఒప్పుకున్న దానికంటే ఎక్కువ. కాబట్టి ఆ అంకె తప్పని రుజువయ్యేదాకా నిజమనే అనుకోవాలి. ఛానల్ ఆపడమనే మాటే వద్దు.

ఇప్పుడు లస్కర్ రిజిస్టర్ తెరువు. ప్రెజర్ పేజీ ఒక్కటే కాదు, డ్రెయిన్ల పేజీ కూడా. మా రోజుల్లో లీటరు డబ్బా, స్టాప్‌వాచ్ పట్టుకుని ఒక్కో హోల్ నిమిషానికి ఎన్ని లీటర్లు ఇస్తోందో రాసేవాళ్లం. మీ దగ్గర కూడా రాస్తుండాలి. 14 ఒక్కటే చూడకు. 13, 15, 16 కూడా జూలై నుంచి వరుసగా ఇక్కడ పెట్టు.

ఇంకొకటి. ప్రతి బ్లాకు గేజ్ రీడింగూ ఏడాది వెనక్కి వెళ్లి చూడు. రిజర్వాయర్ నిండినప్పుడూ అడుగంటినప్పుడూ ఒకే అంకె రాసి ఉంటే, ఆ గేజ్ ముల్లు బిగుసుకుపోయిందని అర్థం. లస్కర్ అబద్ధం రాయలేదు, గేజ్ చూపించిందే రాశాడు. స్క్రీనూ గేజూ సరిపోయిన చోట మనం రెండోసారి చూడం. నేను ఎక్కువసార్లు దెబ్బతిన్నది అలాంటి చోటే.

చివరగా, సెన్సార్ ఏ పైపుకి ఉందో స్క్రీన్ మీద ఆ బ్లాకు పేరే ఉందో లేదో చేత్తో తేల్చుకోవాలి. మీ డీఈఈ గారి అనుమతి తీసుకుని, లాగర్‌ని నిమిషానికోసారి చదివేలా పెట్టించి, 14వ బ్లాకు పైపు వాల్వ్ మెల్లగా తిప్పి కొంచెం నీళ్లు వదులు. ఆఫీసులో ఒకరిని స్క్రీన్ ముందు కూర్చోబెట్టి ఏ బ్లాకు గీత కిందకి పడుతుందో చూడమను. ఒకసారికి ఒక్క బ్లాకే. వాల్వ్ కట్టేశాక ప్రెజర్ మళ్లీ తన స్థాయికి రావడానికి గంటలు పట్టవచ్చు, ఒక్కోసారి రోజు కూడా. ఆ రీడింగులు పక్కన గుర్తు పెట్టి ఉంచు. లేకపోతే రేపు ఎవరో చూసి కంగారు పడతారు.

జవాబు: స్ట్రక్చరల్ ఇంజనీర్, స్టావాంగర్, నార్వే (మాది తణుకు)

పెద్దాయన చెప్పిన "రెండూ సరిపోయిన చోట మనం రెండోసారి చూడం" అనే మాట పట్టుకుని ఇక్కడి సంగతి ఒకటి రాస్తాను. నేను ఉండే ఊరికి దగ్గర్లోనే గాండ్స్‌ఫియోర్డ్ అనే సముద్రపు పాయ ఉంది. సముద్రంలో చమురు తీసే స్లైప్నర్ ఏ ప్లాట్‌ఫామ్‌కి కింద ఉండాల్సిన కాంక్రీటు కట్టడం 1991 ఆగస్టు 23న పరీక్షగా ముంచుతుండగా అక్కడే పగిలి మునిగిపోయింది. అడుగుకి తగిలి ముక్కలైనప్పుడు రిక్టర్ స్కేలు మీద 3 తీవ్రత నమోదైంది. అదృష్టం, ఎవరూ చనిపోలేదు.

కారణం డిజైన్ సాఫ్ట్‌వేర్‌ని వాడిన తీరులో ఉంది. గుండ్రటి గదులు మూడు కలిసే మూల దగ్గర మెష్ (లెక్క కోసం కట్టడాన్ని విడగొట్టిన) ముక్కలు మరీ పెద్దవిగా, వంకరగా పెట్టారు. దాంతో ఆ గోడని అడ్డంగా కోసేలా పనిచేసే బలం (షియర్) లెక్కలో ఉండాల్సిన దానికంటే 47 శాతం తక్కువగా వచ్చింది. స్టీలు ఆ తక్కువ అంకెకే పెట్టారు. ప్రమాదం తర్వాత జాగ్రత్తగా మళ్లీ విశ్లేషిస్తే 62 మీటర్ల లోతులో విరుగుతుందని తేలింది. నిజంగా విరిగింది 65 మీటర్ల దగ్గర. దాని స్థానంలో కట్టిన కొత్త కట్టడానికి ఇంజనీర్లు కాగితం, పెన్సిల్ లెక్కలకి వెళ్లారు.

నేను రోజంతా ఆ రకం సాఫ్ట్‌వేర్‌తోనే పని చేస్తాను, అది లేకుండా నా ఉద్యోగమే లేదు. అయినా ప్రతి మోడల్‌కీ ఒక పేజీ చేతి లెక్క వేసి పక్కన పెట్టుకుంటాను. ఆ పేజీలో వచ్చినదానికీ మోడల్ చెప్పినదానికీ పొంతన లేకపోతే, ఎందుకో తెలిసేదాకా డ్రాయింగ్ బయటికి పంపను. మీరు ఇప్పుడు చేస్తున్నది అదే పని, కట్టేసిన డ్యామ్ మీద.

మళ్లీ ఏఈఈ, మూడు రోజుల తర్వాత

సార్, మీకు ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. నీళ్ల లోతు మీరు అనుకున్నదానికి దగ్గరే, 41 మీటర్ల చిల్లర.

ముందు రిజిస్టర్ సంగతి. డ్రెయిన్ల పేజీలో 14వ బ్లాకు హోల్ జూలై నుంచి ఇప్పటిదాకా నిమిషానికి 9, 10 లీటర్ల దగ్గరే ఉంది. 15వ బ్లాకు హోల్ జూలై చివర 11 లీటర్లు. ఆగస్టులో 10, సెప్టెంబరులో 8, అక్టోబరులో 5, మొన్న 3. రిజర్వాయర్ నిండుగా ఉన్న నెలల్లో! అక్టోబరు వరుసలో లస్కర్ పెన్సిల్‌తో "ఊట తగ్గినది" అని కూడా రాశాడు. ఆ పేజీ మీద కింద నా సంతకం ఉంది. ఊట తగ్గిందంటే మంచిదే కదా అనుకున్నానేమో, నాకు గుర్తు కూడా లేదు.

15వ బ్లాకు గేజ్ వెనక్కి చూశాం. పోయిన మే నెలలో రిజర్వాయర్ అడుగంటినప్పుడు కూడా 1.4. అంతకుముందు డిసెంబరులో 1.4. మీరు చెప్పినట్టే ముల్లు బిగుసుకుపోయింది.

ఇక వాల్వ్. డీఈఈ గారే వచ్చారు. లాగర్‌ని నిమిషానికోసారి చదివేలా ఏజెన్సీ అబ్బాయి మార్చాడు. గ్యాలరీలో ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి మెట్ల మలుపులో ఒకరిని, పైన ఒకరిని నిలబెట్టి కేకల మీద నడిపించాం. లస్కర్ 14వ బ్లాకు వాల్వ్ పావు వంతు తిప్పాడు. సన్నటి ధార గోడకేసి కొట్టింది. గేజ్ ముల్లు 1.3 నుంచి దిగడం మొదలైంది. నిమిషంన్నర తర్వాత పైనుంచి కేక వచ్చింది: "పద్నాలుగు కదల్లేదు! పదిహేను పడిపోతోంది!"

ఏజెన్సీ వాళ్ల షీట్‌లో సెన్సార్ సీరియల్ నంబర్లు, వాటి కాలిబ్రేషన్ ఫ్యాక్టర్లు (ఫ్రీక్వెన్సీని ప్రెజర్‌గా మార్చే అంకెలు) అన్నీ సరిగ్గానే ఉన్నాయి. బ్లాకు నంబరు రాసే కాలమ్‌లో మాత్రం రెండు వరుసలు తారుమారయ్యాయి. అంటే 2.1 నిజమే, కానీ అది 15వ బ్లాకుది. సెన్సార్ బాగుంది, లస్కరూ సరిగ్గానే రాశాడు.

జవాబు: రిటైర్డ్ డీఈఈ

అమ్మా, ఇప్పుడు బొమ్మ పూర్తయింది. నిండు రిజర్వాయర్‌లో ఊట తగ్గి, అదే చోట ప్రెజర్ పెరిగితే డ్రెయిన్ హోల్ పూడిపోతోందని అర్థం. పాత కట్టుబడిలోని సున్నం నీళ్లలో కరిగి వచ్చి, హోల్‌లో గాలి తగిలే చోట తెల్లటి పెచ్చులా పేరుకుంటుంది. సుర్కీ (ఇటుక పొడి) కలిపిన సున్నంతో కట్టిన మన పాత డ్యామ్‌లలో ఇది మామూలే. ప్రెజర్ ఒక్కటే చూస్తే సెన్సార్ తప్పనుకుంటారు. ఊట ఒక్కటే చూస్తే డ్యామ్ బాగుపడిందనుకుంటారు. రెండు గీతలూ ఒకే గ్రాఫ్ మీద ఉంటే సెప్టెంబరులోనే తెలిసేది.

హోల్‌లోకి సన్నటి ఇనుప కడ్డీ దించి ఎంత లోతులో ఆగుతుందో కొలవండి. ముందు నీళ్ల జెట్‌తో కడగండి. కదలకపోతే రీమింగ్ (హోల్‌ని మళ్లీ తొలిచి శుభ్రం చేయడం) చేయించాలి. గట్టిగా సుత్తి దెబ్బలు కొట్టనివ్వకు, పునాది రాయి చెదురుతుంది.

చేతి రిజిస్టర్ మానేయాలా అని అడిగావు. కనీసం ఒక పూర్తి ఏడాది, రిజర్వాయర్ ఒకసారి నిండి ఒకసారి దిగేదాకా రెండూ నడవాలి. ఆ తర్వాత గేజ్ రీడింగులు నెలకోసారికి తగ్గించుకోవచ్చు. డ్రెయిన్ల కొలత మాత్రం తగ్గించొద్దు. హోల్ హోల్‌కీ ఫ్లో మీటరు పెట్టే డబ్బు మన దగ్గర లేదు, సున్నం పట్టే చోట అది ఎన్నాళ్లు పనిచేస్తుందో కూడా నాకు నమ్మకం లేదు. లీటరు డబ్బాకి సున్నం పడితే కడుక్కోవచ్చు. పైగా డబ్బా పట్టుకుని దిగిన మనిషి నీళ్లు మురికిగా వస్తున్నాయా, కొత్త చెమ్మ ఎక్కడైనా కనిపించిందా అనేవి కూడా చూస్తాడు. 2021 డ్యామ్ సేఫ్టీ చట్టం వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి తనిఖీ తప్పనిసరి చేసింది. ఈసారి తనిఖీ నోట్‌లో ఈ పెన్సిల్ రాత ఉన్న పేజీ ఫోటో పెట్టు. ఆయన పేరు కూడా రాయి.

జవాబు: బ్రిడ్జి ఇన్‌స్పెక్షన్‌లో పని చేస్తాను, మినియాపోలిస్

"ఆ పేజీ మీద నా సంతకం ఉంది" అని మేడమ్ గారు రాసింది చదివి ఇది చెప్పాలనిపించింది. 2007 ఆగస్టు 1న ఇక్కడ మిసిసిపీ మీద ఐ-35డబ్ల్యూ వంతెన కూలి 13 మంది చనిపోయారు. 1960ల్లో డిజైన్ చేసినప్పుడే కొన్ని గసెట్ ప్లేట్లు (ఉక్కు దూలాలు కలిసే చోట బిగించే రేకులు) ఉండాల్సిన మందంలో సగమే పెట్టారు. వాటిలో కొన్ని వంగి ఉన్నట్టు 2003లో తీసిన ఫోటోల్లోనే కనిపిస్తోందని దర్యాప్తులో తేలింది. అంటే కూలడానికి నాలుగేళ్ల ముందే ఆ వంపు ఫోటోలో ఉంది.

2008లో దాని స్థానంలో కట్టిన వంతెనలో 300కి పైగా సెన్సార్లు ఉన్నాయి. నాకు వాటి మీద గౌరవం ఉంది. కానీ నా చేతికి ఫోటో వచ్చిన ప్రతిసారీ, పోయిన ఏడాది ఫోటో పక్కన పెట్టకుండా సంతకం చేయను. మీరు తప్పు చేశారని కాదు మేడమ్. మీరు ఆ పేజీ మళ్లీ తెరిచారు, అది చాలా పెద్ద విషయం.

ప్రశ్న: సివిల్ ఫైనల్ ఇయర్, కాకినాడ

సార్, 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నిసార్ ఉపగ్రహం 12 రోజులకోసారి అదే చోటిని రాడార్‌తో చూస్తుంది కదా. డ్యామ్‌ల కదలికలు దాంతోనే తెలిస్తే ఇంకా గ్యాలరీలు దిగడం ఎందుకు?

జవాబు: రిటైర్డ్ డీఈఈ

బాబూ, మంచి ప్రశ్నే అడిగావు. రాడార్ పైనుంచి నేల కదలికని చూస్తుంది. కొండచరియ జారుతోందా, మట్టికట్ట కుంగుతోందా అని చూడటానికి చాలా పనికొస్తుంది. అన్ని డ్యామ్‌లకీ మనిషిని పంపలేని మన దేశానికి అది వరమే. కానీ 15వ బ్లాకు కింద నీళ్ల ఒత్తిడి పెరుగుతున్నప్పుడు డ్యామ్ పైభాగం కదలకపోవచ్చు. కదిలేదాకా ఆగితే మన చేతిలో టైమ్ ఉండదు. సెలవుల్లో ఏదైనా డ్యామ్‌కి వెళ్లి, అనుమతి తీసుకుని ఒక్కసారి గ్యాలరీ దిగు. ఆ చల్లదనం, నీళ్ల చప్పుడు విని రా. తర్వాత నీ ప్రాజెక్టు దేని మీద చేయాలో నీకే తెలుస్తుంది.

మళ్లీ ఏఈఈ, నెల తర్వాత

అందరూ అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను.

కడ్డీ దించితే 15వ బ్లాకు హోల్‌లో రెండున్నర మీటర్ల దగ్గరే ఆగిపోయింది. జెట్‌కి కదల్లేదు. రీమింగ్ మొదలుపెట్టాక మొదట మజ్జిగ లాంటి నీళ్లు, తర్వాత గుడ్డు పెంకుల్లాంటి తెల్లటి పెచ్చులు వచ్చాయి. 75 మిల్లీమీటర్ల హోల్ మూతి దగ్గర బొటనవేలు పట్టేంత మిగిలింది. రెండో రోజు సాయంత్రం నీళ్లు ఒక్కసారిగా తన్నుకొచ్చాయి. లస్కర్ డబ్బా పెట్టి కొలిస్తే నిమిషానికి 17 లీటర్లు. ఇప్పుడు 12 దగ్గర నిలకడగా ఉంది. స్క్రీన్ మీద ప్రెజర్ తొమ్మిది రోజుల్లో 2.1 నుంచి 1.4కి దిగింది. ఈ మధ్యలో రిజర్వాయర్ అర మీటరే తగ్గింది కాబట్టి దిగింది డ్రెయిన్ వల్లే.

బ్లాకు నంబర్లు సరిచేశారు. మిగతా అన్ని బ్లాకుల్లో కూడా వాల్వ్ తిప్పి చూశాం, ఇంకెక్కడా తారుమారు లేదు. బిగుసుకున్న గేజ్‌లు మొత్తం మూడు దొరికాయి, కొత్తవి వచ్చాయి. డ్యాష్‌బోర్డులో డ్రెయిన్ లీటర్లకి ఒక గడి పెట్టమని అడిగాను. లస్కర్ పైకి వచ్చాక నా టేబుల్ దగ్గరే కూర్చుని అంకెలు చెబుతాడు, నేను ఎక్కిస్తాను. ప్రెజర్ గీతా, ఊట గీతా ఇప్పుడు ఒకే గ్రాఫ్ మీద కనిపిస్తున్నాయి.

నిన్న ఆయన 9వ బ్లాకు దగ్గర ఆగి "ఇది కూడా పోయిన నెల కంటే ఒక లీటరు తగ్గిందమ్మా" అన్నాడు. రేపు పొద్దున్నే కడ్డీ తీసుకుని ఇద్దరం దిగుతున్నాం.